ముప్పై ఒకటో నంబరు హాజరు

మా ఇంట్లో మెట్ల కింద ఒక గది ఉంది. పొడవు ఏడడుగులు, వెడల్పు నాలుగు. మెట్లు వాలుగా దిగుతాయి కాబట్టి కప్పు ఒకవైపు ఎనిమిదడుగులు, ఇంకోవైపు మూడే. సగటు అయిదున్నర. మొత్తం నూట యాభై నాలుగు ఘనపుటడుగులు. అందులో ఒక బల్ల, ఒక కుర్చీ, బియ్యం డ్రమ్ము, నేను. ఫ్యాను పెట్టడానికి చోటు లేదు. తలుపు తీస్తే వీధిలో ఆటోల మోత, వంటింట్లో కుక్కరు కూత పాఠంలోకి వచ్చేస్తాయి. అందుకని ప్రతి శుక్రవారం తలుపు వేసుకుని అందులోనే కూర్చుంటాను. ఆ పూట ఎవరైనా చుట్టాలు ఫోన్ చేస్తే మా ఆవిడ, "ఆయన జైల్ల ఉన్నడు, పొద్దుమీకి ఇడుస్తరు" అని చెప్తుంది.

నేను చదివింది పదో తరగతి. ఇచ్చోడ నుంచి మంచిర్యాల వైపు వచ్చి, గని కార్మికుల క్వార్టర్లు కట్టే ఒక కాంట్రాక్టరు దగ్గర టేపు పట్టుకునే పనిలో చేరాను. టేపుకు ఒక కొస నా చేతిలో, ఇంకో కొస ఇంజనీరు చేతిలో. ఆయన చెప్పిన అంకెలు పుస్తకంలో రాయడం కూడా నా పనే. చివర ఆయన వేసే మొత్తం ఎలా వచ్చిందో నాకు ఎవరూ చెప్పలేదు. రూముకు పోయి అంకెలను వెనక నుంచి ముందుకు విప్పుకునేవాణ్ణి. అలా రెండేళ్లలో ఇంటి నక్షా చూసి ఎంత కాంక్రీటు పడుతుందో, ఇనుప సలాకలు ఎన్ని కావాలో, ఏ పొడవుకు కోయాలో చెప్పడం వచ్చింది. ఎవరూ నాకు సర్టిఫికెట్ ఇవ్వలేదు. ఎవరూ అడగలేదు కూడా.

యాభై దాటాక మోకాళ్లు అరిగిపోయి సైటు పని మానేశాను. కరీంనగర్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. ఆ రోజుల్లోనే ఒక ట్రైనింగు సెంటరు వాళ్లు వచ్చి అడిగారు. గల్ఫ్‌లో సలాకలు మోసే మనవాళ్లకు, కాంక్రీటు కలిపే మనవాళ్లకు ఈ లెక్కలు ఫోన్లో నేర్పాలి. నేర్చుకుంటే గ్యాంగుకు లీడరు అవుతారు, మోత తప్పుతుంది. అక్కడ సెలవు శుక్రవారం. పన్నెండు శుక్రవారాలు, రోజుకు రెండు క్లాసులు, మొత్తం ఇరవై నాలుగు. జుమ్మా నమాజుకు పోయేవాళ్లు ఉంటారని ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం పెట్టాం. ఇరవై నాలుగింట్లో పద్దెనిమిదికి హాజరు ఉంటేనే సర్టిఫికెట్.

పాఠం చెప్పడం నాకు కష్టం కాలేదు. ఎవరు విన్నారు, ఎవరు ఇంటి లెక్క పంపారు, ఎవరిది దిద్దాను, ఎవరిది దిద్దలేదు, ఇదంతా పట్టి ఉంచడమే కష్టమైంది. సైటు మీద మనిషి ఎదురుగా నిలబడి ఉంటాడు. ఇక్కడ నల్లటి గడులు కనిపిస్తాయి. ఒక్కో రూములో ఒక్క ఫోను ముందు ముగ్గురు, నలుగురు కూర్చుంటారు. నెట్టు ఖర్చని ఒకరి ఫోనే పెడతారు. అందుకని ఎవరు చేరారో యాప్ చూపించే జాబితా నాకు పనికిరాదు. పేర్లు పెట్టి పిలుద్దామంటే ఆరుగురికి ఒకటే పేరు, వాళ్లలో ఇద్దరికి ఇంటి పేరు కూడా ఒకటే. నాలుగో బ్యాచ్‌లో నలభై ముగ్గురు చేరారు. ఒక్కొక్కరి ఫోన్ నంబరు ఎదురుగా ఒక వరుస నంబరు ఇచ్చాను. క్లాసు మొదట్లో నంబర్లు పిలుస్తాను, "ఉన్న సార్" అంటారు, నేను పుస్తకంలో గీత పెడతాను.

పుస్తకం ఒకటి. సెంటరు వాళ్ల ఆన్‌లైన్ షీటు రెండు. ఇంటి లెక్కల ఫొటోలు పెట్టుకునే ఫోల్డరు మూడు. క్లాసుల రికార్డింగులు నాలుగు. ఫొటో వచ్చిన వెంటనే దానికి క్లాసు నంబరు, మనిషి నంబరు కలిపి పేరు పెడతాను. రెండో క్లాసు అయ్యాక నాలుగూ సరిపోలితే గాని కుర్చీలోంచి లేవను. లేవలేను అంటే సరిగ్గా ఉంటుంది. ఒక గడి ఖాళీగా ఉంటే అన్నం ముందు కూర్చున్నా ఆ గడే కనిపిస్తుంది. ఇంకో నియమం కూడా పెట్టుకున్నాను. శుక్రవారం నాడు గ్రూపులో ఇంటి లెక్కలు తప్ప వేరే మెసేజీలు చదవను. చదివితే పండగ ఫొటోలు, ఊరి సంగతుల మధ్య లెక్కలు తప్పిపోతాయి.

షీటుకు తాళం వేయించింది కూడా నేనే. మొదటి బ్యాచ్ అయిపోయాక సెంటరు వాళ్లు తమకు తెలిసినవాడెవరికో నాలుగు హాజర్లు ఎక్కువ వేశారు. నా పుస్తకంతో షీటు సరిపోలలేదు. నేను పాఠం చెప్పనని కూర్చున్నాను. చివరికి ఒప్పందం కుదిరింది. చివరి శనివారం తర్వాత ఏ గడినీ ఎవరూ మార్చడానికి లేదు, నాతో సహా. ఒక్క దానికి మాత్రం వెసులుబాటు. గల్ఫ్ వాళ్లకు సిమ్ములు మారుతుంటాయి కాబట్టి, పాత నంబరు కొత్త నంబరు రాసి రెండు వరుసలు కలపడానికి ఒక ఫారం. అది నా పేరు మీదే తెరుచుకుంటుంది. తాళం పూర్తిగా తీయాలంటే హైదరాబాదు ఆఫీసుకు రాయాలి. జవాబు రావడానికి పది రోజులు.

నాలుగో బ్యాచ్ షీటుకు శనివారం తాళం పడింది. సోమవారం పొద్దున ఒక ఫోను వచ్చింది.

"నమస్తే సార్. నా పేరు లిస్టుల లేదంటున్నరు."

"నీ నంబరెంత తమ్మీ?"

"నలభై నాలుగు సార్. మునుపు ముప్పై ఒకటి."

నేను పుస్తకం తీశాను. ముప్పై ఒకటి పన్నెండో క్లాసు దాకా వచ్చి మాయమైన మనిషి. మధ్యలో మానేశాడని అనుకుని వరుస చివర అడ్డగీత కొట్టాను. నలభై నాలుగు పదిహేనో క్లాసులో కొత్తగా చేరిన మనిషి. ఆలస్యంగా అడ్మిషన్ తీసుకున్నాడని అనుకున్నాను.

"మునుపు ముప్పై ఒకటి అంటే?"

"నేను ఛుట్టీ మీద ఊరికొచ్చిన సార్. సిమ్ము మారె. మీరు కొత్త నంబరిస్తిరి. క్యాంపు మారితె మా కంపెనీ గిట్లనే కొత్త నంబరిస్తది. గిది సుత గంతే అనుకున్న."

"పాతోన్నే అని ఒక్క మాట చెప్పకపోతివా?"

"గ్రూపుల వెట్టిన సార్. శుక్రారం నాడే వెట్టిన."

వెనక్కి వెళ్లి చూశాను. ఉంది. 'సార్ నేను పాతోన్నే' అని, ఎవరి పాపదో పుట్టినరోజు ఫొటోకు కిందా, మంథనిలో వానపడ్డ ఫొటోకు పైనా.

అతనిది మంథని దగ్గర పల్లె. నలభై ఒక్క ఏళ్లు. పద్నాలుగేళ్లుగా సలాకలు మోస్తున్నాడు. ఛుట్టీ అయిపోవచ్చింది. గురువారం రెండు గంటలకు మంచిర్యాలలో ఒక ఏజెంటు ఇంటర్వ్యూ పెట్టాడు. సలాకల గ్యాంగుకు లీడరు పని.

"గీ కాయితం ఉంటెనే లోపలికి పిలుస్తరట సార్. లేకుంటె మల్ల అదే వీసా, అదే మోత. నా నడుం ఖరాబైంది. బరువు ముట్టినవంటె లేవవు అన్నడు డాక్టరు."

"ఏం ఫికర్ వెట్టుకోకు" అన్నాను. నిజంగానే అప్పుడు ఏ ఫికరూ లేదు. ముప్పై ఒకటిలో పదకొండు హాజర్లు, నలభై నాలుగులో ఎనిమిది. కలిపితే పందొమ్మిది. పద్దెనిమిది చాలు. ఫారం నింపితే అయిపోతుంది.

ఆ ఫారం అడుగున ఒక వాక్యం ఉంది. రెండు నంబర్లూ ఒకే మనిషివని రికార్డింగులో గొంతు విని నిర్ధారించుకున్నాను, అని. ఆ వాక్యం రాయించింది నేనే. మెట్ల గదిలో తలుపేసుకుని మొదటి క్లాసు రికార్డింగు పెట్టాను. ముప్పై ఒకటి దగ్గర కొద్దిగా బొంగురు గొంతు, 'సార్' అనే మాటను చివర లాగుతుంది. పదిహేనో క్లాసు పెట్టాను. నలభై నాలుగు దగ్గర అదే గొంతు. అక్కడితో ఆగాల్సింది. కాని పందొమ్మిదింటికి సంతకం పెడుతూ రెండు విని ఊరుకోవడం నాకు చేతకాదు. అన్నీ వినడం మొదలుపెట్టాను.

అయిదో క్లాసులో ముప్పై పలికాడు, "ఉన్న సార్" అని, సన్నటి గొంతు. తర్వాత ముప్పై ఒకటి పిలిచాను. అదే సన్నటి గొంతు, "ఉన్న సార్". వెనక్కి జరిపి మళ్లీ విన్నాను. నాలుగోసారి వినేటప్పటికి నా గొంతు నాకే వింతగా వినిపించింది. తల ఎత్తకుండా, పుస్తకంలో చూపు పెట్టి, ఆపకుండా నంబర్లు చదువుకుంటూ పోతున్న ఒక మనిషి గొంతు. ఆరో క్లాసులోనూ అంతే. పదకొండులోనూ అంతే. మిగతా పదహారింట్లో అతనే ఉన్నాడు.

బయట మా ఆవిడ తలుపు తట్టింది. "రెండైంది. అన్నం సల్లారె. లోపల ఏం దొరికిందని?"

"మూడు తక్కువొస్తున్నయ్" అన్నాను.

"ఎక్కడ పడేసినవో సూడు" అని వెళ్లిపోయింది.

అతనికి ఫోన్ చేశాను. కాదని అంటాడేమో, నెట్టు సరిగా లేక గొంతు మారిందని అంటాడేమో అని ఆశ. అలా అంటే నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాను.

"అయిదు, ఆరు, పదకొండు. గా క్లాసులకు నువ్వున్నవా తమ్మీ?"

"లేను సార్. రెండు శుక్రారాలు డ్యూటీ పడ్డది. మా రూమోడు పలికిండు."

"గట్ల పలుకుడు తప్పు కాదా?"

"మాకు తప్పనిపియ్యలే సార్. తెల్లారి బస్సు ఎక్కంగ మా ఫోర్మన్ నంబర్లు పిలుస్తడు. ఎవడో ఒగడు ఎనుక ఉరుకొస్తుంటడు. నంబరు పలకకుంటె బస్సు ఆగుతది, అందరికి తిట్లు. పక్క మంచపోడు పలుకుతడు. పద్నాలుగేండ్ల సంది గదే అలవాటు. మీరు సుత నంబర్లే పిలుస్తిరి. బస్సు ఆగద్దని పలికిండు, గంతే."

అతనే మళ్లీ అన్నాడు. "రికార్డింగు సూసి లెక్కలు చేసి పంపిన సార్ గా మూడు క్లాసులయి."

అవి ఫోల్డరులో ఉన్నాయి. మూడూ అతని చేతిరాతే, మూడింట్లోనూ తప్పు లేదు. అయినా అక్కడికక్కడే ఒక లెక్క అడిగాను. "పన్నెండు అడుగుల పిల్లరు. ఆరంగుళాలకో రింగు. ఎన్ని రింగులు?"

"ఇరవై అయిదు. ఇరవై నాలుగు అంటె మొదటి రింగు ఎగవెట్టినట్టు."

ఇలా ఠక్కున చెప్పేవాళ్లు ఈ బ్యాచ్ మొత్తంలో పది మంది ఉండరు. కాని ఆ షీటులో ఎంత వచ్చు అనే గడి లేదు. ఎన్ని రోజులు పలికారు అనే గడి మాత్రమే ఉంది. దాన్ని గీసింది నేను.

మంగళవారం సెంటరుకు వెళ్లాను. అక్కడ రికార్డులు చూసే మేడం నా కంటే ఇరవై ఏళ్లు చిన్నది. మొదటి బ్యాచ్ గొడవ నాటి నుంచి నన్ను చూస్తే కొంచెం నవ్వుకుంటుంది. అంతా విని కుర్చీ వెనక్కి వాలింది.

"సార్, తాళం ఏసేటప్పుడే సూసుకోవాలె, లోపల ఉన్నమా బయట ఉన్నమా అని."

"పదహారు రాయొచ్చా లేదా, గది చెప్పుర్రి మేడం."

"రాయరాదు. గడి మార్చద్దని మీరే పట్టువడితిరి. ఫారం నింపితె పందొమ్మిది వస్తది. నింపకుంటె పదకొండు ఒక కాడ, ఎనిమిది ఒక కాడ. మూడోది లేదు."

"ఫారం నింపితె పాస్. నింపకుంటె ఫెయిల్. పదహారన్నా ఫెయిలే కద, నింపకుంటె సరిపాయె అంటరా?"

"గది మీరే అనాలె సార్, నేనెట్లంట? ఆయన పదహారు సార్లు వచ్చింది నిజమా కాదా? నింపకుంటె పదకొండే వచ్చిండని మనం రాసిచ్చినట్టు. గదీ అబద్ధమే."

"హైదరాబాదుకు రాస్త."

"రాయుర్రి. పది రోజులు. గురువారం ఎట్లన్న పోతది." గొంతు తగ్గించింది. "ఇంకో మాట. ఆళ్లు ఊకుంటరా? ముప్పై ఒకటే తప్పా, అందరియి తప్పా అని అడుగుతరు. ఒక్కని గొంతే ఇన్నరా సార్, అందరియి ఇన్నరా?"

ముప్పై ఆరు సర్టిఫికెట్లు అప్పటికే అచ్చయి ఆమె బల్ల మీద ఉన్నాయి. కొన్ని శనివారమే వాట్సాపులో వెళ్లిపోయాయి.

ఇంటికి వచ్చి అయిదో క్లాసు మళ్లీ పెట్టాను, ఈసారి ఒకటి నుంచి. తొమ్మిది, పది ఒకే గొంతు. పదిహేడు, పద్దెనిమిది ఒకే గొంతు. ఇరవై మూడు పిలిస్తే ఇద్దరు ఒకేసారి పలికారు, ఒకడు నవ్వాడు. నేను వినకుండా గీత పెట్టేసి ఇరవై నాలుగు పిలిచాను. ఇరవై నాలుగు, ఇరవై అయిదు, ఇరవై ఆరు ముగ్గురూ ఒకడే. ఇరవై ఏడు దగ్గర ఆపేశాను. ఒక్క క్లాసు అది. ఇంకా ఇరవై మూడు ఉన్నాయి. అప్పటికి దొరికినవాళ్లలో ఇద్దరికి మొత్తం హాజరు సరిగ్గా పద్దెనిమిది. ఒక్క గొంతు తీసేస్తే వాళ్ల కాయితం చెల్లదు. వాళ్లలో ఒకడు ఆ కాయితం చూపించి పనిలో చేరానని ఆదివారమే గ్రూపులో దండం పెట్టాడు. నేను కూడా తిరిగి దండం పెట్టాను.

కుర్చీ వెనక్కి జరుపుదామంటే డ్రమ్ము తగిలింది. ఒక్క మనిషి విషయంలో నిజం రాస్తే అందరి విషయంలో రాయాలి. అందరివీ రాయను అనుకుంటే ఒక్కడిదే ఎందుకు రాయాలి? ముప్పై ఒకటో మనిషికి జరిగిన అన్యాయం ఏమిటంటే అతని గొంతు ఒక్కటే నేను విన్నాను. వినవలసి వచ్చింది కూడా నేను అతని వరుసను రెండు ముక్కలు చేసినందుకే.

సాయంత్రం టీ తాగేటప్పుడు మా ఆవిడకు చెప్పాను. ఆమె చాలాసేపు విని, "మొఖం సూసి పిలువకపోతివా?" అంది.

"మొఖాలు కనబడయి."

"పేరువెట్టి పిలువు."

"ఆరుగురికి ఒకటే పేరన్న కద."

"ఆరుగురు పలుకుతరు. పలికితె నీదేం వోయింది? ఆరుగురున్నరని ఎర్కైతది." గ్లాసులు తీసుకుని లేచింది. "గా మనిషి నడుం సంగతి ఏం జేసినవ్? గది సూడు ముందు."

బుధవారం మధ్యాహ్నం దాకా ఆ ఫారం తెరిచి మూసి, తెరిచి మూసి పదకొండుసార్లు చేశాను. చివరికి పాత నంబరు ముప్పై ఒకటి, కొత్త నంబరు నలభై నాలుగు అని రాశాను. గొంతు విని నిర్ధారించుకున్నాను అన్న వాక్యం పక్కన గుర్తు పెట్టాను. అది అబద్ధం కాదు. ఇద్దరూ ఒకే మనిషే. నొక్కగానే రెండు వరుసలు కలిసి పందొమ్మిది వచ్చింది, గడి ఆకుపచ్చ అయింది. నా పుస్తకంలో మాత్రం పదహారు రాసి కింద సంతకం చేశాను. నాలుగు బ్యాచ్‌లలో షీటూ పుస్తకమూ కావాలనే తేడాగా ఉంచడం అదే మొదలు. ఆ రోజు కుర్చీలోంచి లేవగలిగాను గాని, పని అయినట్టు అనిపించలేదు.

గురువారం పొద్దున పది గంటలకు అతను సెంటరుకు వచ్చాడు. కాయితం నా చేత్తోనే ఇద్దామని నేను కూడా వెళ్లాను. మెట్లెక్కి వచ్చి ఎవరో "సార్ ఉన్నరా?" అని మేడంను అడుగుతుంటే చివర లాగిన 'సార్' విని, చూడకముందే తెలిసింది. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నడుముకు బెల్టు కట్టుకున్నట్టు చొక్కా మీద నుంచి కనబడుతోంది. కాళ్లకు మొక్కబోతే వంగొద్దని చేయి పట్టుకుని ఆపాను.

కాయితం ఇచ్చాను. పేరు చూసుకున్నాడు. కింద హాజరు దగ్గర వేలు ఆగింది.

"పందొమ్మిది ఎట్లొచ్చింది సార్? మూడు నాయి కావంటిని కద."

"షీటు అట్లనే కలుపుతది తమ్మీ."

"మరి మీ పుస్తకంల?"

మేడం కంప్యూటరులోంచి తల ఎత్తలేదు. టైపు చేయడం మాత్రం ఆపింది. నేను గోడ గడియారం వైపు చూశాను. అతనే మెల్లగా అన్నాడు.

"కొలత ఎంతుంటె గంతే రాయాలె, అరంగుళం సుత మనది కాదు అంటిరి సార్ క్లాసుల."

ఎత్తిపొడుపు కాదు. ఎత్తిపొడుపైతే నాకు తేలికగా ఉండేది. లెక్కలో ఒకచోట అర్థంకాక, మాస్టరును అడిగితే చెప్తాడని అడిగిన మాట అది. నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

"మంచిర్యాల బస్సు పదిన్నరకే" అన్నాను. "ఆలస్యమైతది, పో."

కాయితాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టుకున్నాడు. కింద ఉన్న సంచిని నడుం వంచకుండా, మోకాళ్ల మీద కూర్చుని అందుకుని లేచాడు. మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్లాడు.